లైటు పోయింది

పోయిన జూన్‌లో అమెరికా నుంచి ఊరికెళ్ళినప్పుడు, అలవాటు ప్రకారం ముందు కాణిపాకం వెళ్ళాం. పదహారేళ్ళ మా అమ్మాయి అందరి ముందూ గుంజీలు తీయడానికి సిగ్గుపడింది గానీ, క్యూలో మా అమ్మ చెప్పిన స్థలపురాణం మాత్రం చెవి ఒగ్గి వింది. గుడ్డి, మూగ, చెవిటి అన్నదమ్ములు ముగ్గురు బావి లోతు చేస్తుంటే పార రాతికి తగిలి నెత్తురు చిమ్మింది. ఆ రాయే స్వామి. వాళ్ళ అవకరాలు అక్కడికక్కడే పోయాయి. ఆ పక్కనే పారే బాహుదా నదిది ఇంకో కథ. శంఖుడు, లిఖితుడు అనే అన్నదమ్ముల్లో తమ్ముడు ఆకలికి ఆగలేక అడక్కుండా ఒక మామిడిపండు కోసుకు తిన్నాడు. రాజు చేతులు నరికించాడు. ఆ ఏట్లో మునిగితే మళ్ళీ మొలిచాయి.

"దేవుడికే దెబ్బ తగిలించిన వాళ్ళకు వరమా? పండు తిన్నవాడికి చేతులు పోవడమా?" అని దానికి ఒళ్ళు మండింది.

"వాళ్ళు చూసి కొట్టలేదు కదే. వీడు తెలిసే కోసినాడు" అంది మా అమ్మ, అదేమంత పెద్ద సంగతి కానట్టు.

నాకు మాత్రం గుండెల్లో రాయి పడ్డట్టయింది. ఊళ్ళో మా చిన్నాన్న దగ్గర ట్రాక్టరు తోలే అతని కథ దానికి ఇంకా తెలియదు.

2017 మామిడి సీజన్లో తోతాపురి లోడుతో అతను గుజ్జు ఫ్యాక్టరీ ముందు వరసలో నిలబడ్డాడు. సీజన్లో ఆ వరస ఎంత పొడుగుంటుందో మా చిత్తూరు వాళ్ళకు చెప్పక్కర్లేదు, కాయ దించడానికి ఒక్కోసారి రెండు రోజులు. రాత్రి ఎనిమిదిన్నరప్పుడు, పాలు పోసి ఎక్సెల్ బండి మీద తిరిగొస్తున్న పక్కూరి పెద్దాయన ట్రాలీని వెనక నుంచి గుద్దుకొని చనిపోయాడు. ట్రాలీకి వెనక లైటు లేదు. డ్రైవరు పారిపోలేదు. ఆయన్ని ఆటోలో ఎక్కించుకొని తనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

అప్పటి ఐపీసీ 304ఏ కింద కేసు. నిర్లక్ష్యంతో ఒకరి చావుకు కారణమైతే గరిష్ఠంగా రెండేళ్ళ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆరేళ్ళు వాయిదాలకు తిరిగాక కింది కోర్టు ఆరు నెలలు వేసింది. అప్పీలులో మూడు నెలలకు తగ్గింది. ఇప్పుడైతే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, 106వ సెక్షన్ కింద అయిదేళ్ళ దాకా వేయొచ్చు. గుద్ది, పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ళ దాకా అన్నారు గానీ, ఆ జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగడంతో చట్టం అమలుకు వచ్చేటప్పుడు ఆ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు. చెప్పకపోతే పదేళ్ళు, నిలబడితే అయిదేళ్ళు అన్న ఆ తేడా నాకు సబబుగానే అనిపిస్తుంది. నిలబడినవాణ్ణి ఊరి జనం కొట్టి చంపకుండా చూసే పూచీ ఎవరిదన్న డ్రైవర్ల ప్రశ్నా సబబుగానే అనిపిస్తుంది.

ఆ సాయంత్రం ఆ ట్రాక్టరు డ్రైవరే వచ్చి మాకు కాయలు కోసిపెట్టాడు. అతను వెళ్ళాక ఆ కథ అమ్మాయికి చెప్పాను.

"మూడు నెలలేనా? ఇక్కడ మనిషి ప్రాణం అంత చవకా?"

నాకు నవ్వొచ్చింది, కాస్త కోపమూ వచ్చింది. కొలరాడోలో 2019లో కొండ దిగుతూ బ్రేకులు పోయిన లారీ కార్ల మీదికి దూసుకుపోయి నలుగురు చనిపోయారు. ఆ డ్రైవరుకు 2021 డిసెంబరులో 110 ఏళ్ళ జైలు పడింది. శిక్షలన్నీ ఒకదాని తర్వాత ఒకటి అనుభవించాలని చట్టం చెబుతోంది, నా చేతుల్లో లేదన్నాడు జడ్జి. లక్షల మంది సంతకాలు పెట్టారు, ఆ నెలాఖరుకే గవర్నరు పదేళ్ళకు తగ్గించాడు. అప్పుడు ఏడో క్లాసులో ఉన్న ఇదే పిల్ల "కావాలని చేయలేదు కదా" అని డైనింగ్ టేబుల్ దగ్గర వాళ్ళ నాన్నతో వాదించింది. అదే గుర్తు చేశాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "లైటు ఎందుకు లేదు?" అంది.

"పోయింది."

"ఎప్పుడు?"

చిన్నాన్న అరుగు మీద తమలపాకుకు సున్నం రాస్తున్నాడు. "నెల ముందే పోయిండె. సీజన్ అయినాక ఏపిద్దాంలే అని నేనే అంటి" అన్నాడు. బండి ఆయనది. లోడు ఆయనది. కోర్టు మెట్లెక్కింది మాత్రం జీతగాడు. నష్టపరిహారం ఇన్సూరెన్స్ కంపెనీ కట్టింది. మాకు ఏమీ కాలేదు. ఆ ఏడు కాయ అమ్మిన డబ్బులో కొంత నా టికెట్టుకు కూడా పంపారు.

దీన్ని పెంచేటప్పుడు నేను పట్టుబట్టిన విషయం ఒకటుంది. చిన్నప్పుడు గ్లాసు చేతిలోంచి జారితే "పగిలింది" అనేది. తెలుగులో అట్లా అనేసి తప్పించుకోవడం ఎంత సులువో! "పగలగొట్టాను" అను, నేనేమీ అననులే అని నేర్పాను. శిక్ష తక్కువ ఉండాలంటే మాట నిజంగా ఉండాలని నా లెక్క. అదే నేను, ఎనిమిదేళ్ళుగా "లైటు పోయింది" అనే చెప్పుకుంటూ వచ్చాను. ఆ ట్రాక్టరు డ్రైవరు ఒక్కసారీ అట్లా అనలేదు. "నా బండికి తగిలి సచ్చిపోయినాడక్కా" అంటాడు, ఎప్పుడడిగినా.

మూడు నెలలు తక్కువని నేను అనను. ఆరు నెలలు చేసినా ఆ పాలాయన రాడు. కానీ దాని రెండో ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. "తాతకు ఎన్ని నెలలు?"

చిన్నాన్న ఆకు నోట్లో పెట్టుకొని పెరట్లోకి వెళ్ళిపోయాడు. మరుసటి రోజు భోజనానికి పిలిచినప్పుడు దానితో మాట్లాడలేదు. పెద్దవాళ్ళతో అట్లాగేనా మాట్లాడేది అని మా అమ్మ నన్ను తిట్టింది. నేను దాన్ని మందలించలేదు, వెనకేసుకొనీ రాలేదు.

ఇక్కడికొచ్చాక దానికి ఇంకా నాలుగు గంటల రాత్రి డ్రైవింగ్ బాకీ ఉంది. కాలిఫోర్నియాలో లైసెన్సుకు ముందు పిల్లలు పెద్దవాళ్ళను పక్కన పెట్టుకొని 50 గంటలు నడపాలి, అందులో 10 రాత్రిపూట. నిన్న నేను ఎక్కి కూర్చొని బెల్టు పెట్టుకున్నాను. అది ఎక్కలేదు. కారు వెనక నిలబడి ఉంది.

"అమ్మా, ఇటు సీట్లోకి వచ్చి ఒకసారి బ్రేకు తొక్కు. ఎడమవైపుది వెలుగుతున్నట్టు లేదు."