వెనకొచ్చిన కొమ్ములు ఎప్పుడు వాడి?

ఆస్తి ఒకటే. లీగల్ టైటిల్, అంటే చట్టప్రకారం పూర్తి యాజమాన్యం, ఇద్దరికీ లేదు. ఇద్దరివీ ఈక్విటబుల్ హక్కులే, అంటే న్యాయం దృష్ట్యా కోర్టులు గుర్తించే హక్కులే. మరి ఎవరిది పైచేయి? "తేదీ చూడండి, ముందొచ్చినవాడిదే" అని చాలామంది టక్కున చెప్పేస్తారు. ఇంగ్లండులో 1853 నాటి రైస్ వర్సెస్ రైస్ కేసులో వైస్ చాన్సలర్ (అప్పట్లో ఒక జడ్జి హోదా) కిండర్స్‌లీ లెక్క వేరు. మిగతా అన్ని విషయాల్లో ఇద్దరూ సరిసమానమని తేలాకే తేదీ జోలికి వెళ్ళాలన్నాడు.

ఆ కేసులో అమ్మినవాళ్ళకు ధరలో కొంత ఇంకా రావాలి. అయినా మొత్తం ముట్టినట్టు రసీదు రాసి సంతకం పెట్టి, టైటిల్ డీడ్లు (యాజమాన్య పత్రాలు) కూడా కొన్నవాడి చేతికిచ్చేశారు. అతను వాటిని కుదువపెట్టి అప్పు తెచ్చుకున్నాడు. బాకీ సొమ్ముకు అమ్మినవాళ్ళకు ఆస్తి మీద లియెన్ (బాకీ తీరేదాకా ఆస్తిపై ఉండే హక్కు) ఉంది, తేదీలో ముందున్నదీ అదే. కానీ అప్పిచ్చినవాళ్ళు నమ్మింది దేన్ని? అమ్మినవాళ్ళే రాసిన రసీదును, వాళ్ళే వదిలేసిన డీడ్లను. అందుకే అప్పిచ్చినవాళ్ళు నెగ్గారు. 1983లో ఆస్ట్రేలియా హైకోర్టు హైడ్ వర్సెస్ రిలయన్స్ ఫైనాన్స్ కేసులోనూ, సొమ్ము పూర్తిగా అందకుండానే అందినట్టు ఒప్పుకుంటూ ట్రాన్స్‌ఫర్ పత్రం చేతికిచ్చిన అమ్మకందారే వెనకపడ్డాడు.

డీడ్లు ఎవరి దగ్గరున్నాయన్న ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పేస్తే మాత్రం బోల్తా పడతారు. 1875 నాటి ష్రాప్‌షైర్ యూనియన్ కేసులో కంపెనీకి చెందిన స్టాక్ (వాటాలు) ఒక డైరెక్టరు పేరు మీద ట్రస్టుగా ఉంది, అంటే పేరు అతనిది, లాభం కంపెనీది. అతను సర్టిఫికెట్లు కుదువపెట్టేశాడు. అయినా కంపెనీదే ప్రాధాన్యం. ట్రస్టీ దగ్గర పత్రాలు ఉంచడం నిర్లక్ష్యం కాదు, ట్రస్టు అంటేనే అది.

కాగితం తీసుకుని కాలక్రమం గీసేటప్పుడు ముందు తేల్చాల్సింది హక్కు రకం. మోసంతో జరిగిన అమ్మకాన్ని రద్దు చేయించుకునే అవకాశం లాంటిది 'మియర్ ఈక్విటీ'. తర్వాత విలువ చెల్లించి, ఆ సంగతి తెలియకుండా పూర్తి ఈక్విటబుల్ హక్కు పొందినవాడి ముందు అది నిలవదు (లేటెక్ వర్సెస్ హోటల్ టెరిగల్, 1965). రెండోవాడికి మొదటి హక్కు సంగతి ముందే తెలుసా? తెలిస్తే అతని వాదన దాదాపు అక్కడితో సరి.

ట్రస్టులోని తన వాటాను ఒకడు ఇద్దరికి వేర్వేరుగా అసైన్ చేస్తే, అంటే రాసిచ్చేస్తే, ఇదంతా పక్కకు పోతుంది. డియర్ల్ వర్సెస్ హాల్ (1828) ప్రకారం ట్రస్టీలకు ముందు నోటీసు ఇచ్చినవాడిదే గెలుపు. తాను సొమ్మిచ్చేటప్పుడు మొదటి అసైన్‌మెంటు సంగతి తెలిసినవాడికి మాత్రం ఈ సౌకర్యం లేదు. ఇంగ్లండులో 1925 ఆస్తి చట్టం (లా ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్) 137వ సెక్షను వచ్చాక నోటీసు రాతపూర్వకంగా ఉండాలి. ఒక్క ట్రస్టీకే ఇచ్చి ఊరుకోకండి. అతను చనిపోయాక వచ్చే అసైనీల (వాటా రాయించుకున్నవాళ్ళ) మీద అది పనిచేయకపోవచ్చు. అందరికీ ఇచ్చి, అందినట్టు తేదీతో సంతకాలు తీసుకోవాలి.

ఇంగ్లండులో రిజిస్టరైన భూమికి 2002 భూమి రిజిస్ట్రేషన్ చట్టం 28వ సెక్షను మళ్ళీ తేదీనే గద్దెనెక్కించింది. ఎవరి ప్రవర్తన మెరుగు అన్న తూకానికి అక్కడ పెద్దగా చోటు లేదు. విలువ చెల్లించి రిజిస్టరు చేయించుకున్నవాడికి 29వ సెక్షను ఇచ్చే రక్షణ వేరు. ఆస్ట్రేలియాలో మాత్రం తూకం ఇంకా నడుస్తోంది. అక్కడ కేవియట్ (ఆస్తి మీద తన హక్కుందని రిజిస్టరులో పెట్టే హెచ్చరిక) వేయనంత మాత్రాన ప్రాధాన్యం పోదు. 1971 నాటి జస్ట్ హోల్డింగ్స్ కేసులో ముందుగా తనఖా తీసుకున్న బ్యాంకు కేవియట్ వేయలేదు, కానీ టైటిల్ సర్టిఫికెట్ డూప్లికేటును (యజమాని దగ్గరుండే ప్రతిని) తన దగ్గరే పెట్టుకుంది. అది చాలింది.