అక్కడ చలికి బురద చచ్చిపోదా సార్?

కెనడా పైన నునావుట్ అని ఆర్కిటిక్ ప్రాంతం, 25 ఊళ్ళు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డే లేదు. మురుగునీళ్ళ గురించి ఏదో వెతుకుతూ అక్కడ తేలా, ఇక వదల్లేదు. కింద నేలంతా ఎప్పుడూ గడ్డకట్టే ఉంటది, పైపు పాతితే ఆ వేడికి నేల కరిగి కుంగిపోద్ది, అందుకే చాలా ఊళ్ళలో మన బెంగళూరు వైట్‌ఫీల్డ్ లాగే ట్యాంకర్ బతుకు. మంచినీళ్ళు తెచ్చే బండి ఒకటి, మురుగు తీసుకుపోయే బండి ఇంకోటి, ఇంట్లో రెండు ట్యాంకులు. మురుగు ట్యాంకు నిండిందా, నీళ్ళ పంపు దానంతటదే ఆగిపోద్ది. మంచు తుఫాను వచ్చి బండి రాలేదంటే స్నానం లేదు, గిన్నెలు తోమేది లేదు. 2024 ఎండాకాలం మా వాట్సాప్ గ్రూపులో ట్యాంకర్ కోసం జరిగిన కొట్లాటలు గుర్తొచ్చాయి.

మా అపార్ట్‌మెంట్‌లో ఎస్టీపీ, అంటే మురుగునీళ్ళు శుభ్రం చేసే ప్లాంటు, చూసే అబ్బాయిది మదనపల్లె. మురుగులోకి గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు నీళ్ళు లీటరు జార్‌లో పట్టి అరగంట కదపకుండా పెడతాడు, బురద, అంటే మురుగుని తినే బ్యాక్టీరియా ముద్ద, కిందికి దిగి పైన తేటగా ఉంటే సరే, లేకపోతే ఎవరో యాసిడ్ దండిగా పోశారని తిట్టుకుంటాడు. ఈ సంగతి చెప్తే వెంటనే అడిగాడు, "మరి చలికి బురద చచ్చిపోదా సార్?"

చావదు, పని మానేస్తది. ఉష్ణోగ్రత ఉన్నదానికన్నా 10 డిగ్రీలు తగ్గితే బ్యాక్టీరియా వేగం దాదాపు సగానికి పడిపోద్ది, అమ్మోనియా సంగతి చూసే రకాలైతే ఇంకా ముందే చేతులెత్తేస్తాయి. అందుకే అక్కడ ఎక్కువ ఊళ్ళలో బ్యాక్టీరియాకి గాలి ఊదే బ్లోయర్లూ గట్రా లేవు, ఊరి బయట లగూన్ అని చెరువులాంటి గుంట, అంతే. చలికాలమంతా మురుగు అందులో పోస్తూ పోతే గడ్డకట్టి పడుంటది, ఎండాకాలం కరిగాక, పొద్దు గుంకేదే తక్కువ కదా, ఆ వెలుతురుకి నాచు పెరిగి ఆక్సిజన్ ఇస్తే బ్యాక్టీరియా లేచి ఏడాది పనంతా ఆ కొన్ని వారాల్లోనే చేయాలి. మళ్ళీ గడ్డకట్టే లోపు నీళ్ళు బయటికి వదిలేస్తారు, చాలాచోట్ల గడ్డి నేల మీదుగా పారి సముద్రంలో కలుస్తాయి. కెనడా 2012లో మురుగునీళ్ళకి దేశమంతా రూల్స్ పెట్టినా, నీళ్ళలో ఇంకా ఎంత కుళ్ళు మిగిలిందో చెప్పే బీఓడీ సగటు లీటరుకి 25 మిల్లీగ్రాములు దాటకూడదు లాంటివి, నునావుట్ లాంటి ఉత్తరాది ప్రాంతాల్ని మాత్రం పక్కన పెట్టింది.

ఇదేం మోటు పద్ధతి అనిపిస్తది గానీ నాకైతే ఇదే తెలివైన పని. ఇక్కడ మోటార్ కాలితే బెంగళూరులో పార్టులు దొరికే ఎస్పీ రోడ్డుకెళ్ళి సాయంత్రానికి బిగిస్తాం, అక్కడ చిన్న పార్టు రావాలన్నా విమానమో, ఎండాకాలం వచ్చే ఓడో దిక్కు. వెచ్చటి ఊళ్ళో ఉండి, కరెంటు బిల్లు తగ్గిద్దామని రాత్రి బ్లోయర్ ఆపమనే మా అసోసియేషన్‌కి ఏం చెప్పాలో!

అంత దూరమెందుకు, మన లేహ్‌లో పాత ఇళ్ళకి నీళ్ళక్కర్లేని టాయిలెట్లు ఉంటాయి, కింద గదిలో పడ్డది మట్టితో కలిసి ఎరువై పొలానికి పోద్ది, చలికి పగిలే పైపే ఉండదు. ఇప్పుడు హోటళ్ళలో ఎక్కువగా ఫ్లష్, చాలావాటి మురుగు గుంటల్లోంచి భూమిలోకి దిగి బోరు నీళ్ళు పాడవుతున్నాయి. మన బెంగళూరు బైకర్లేమో అక్కడికెళ్ళి ఫ్లష్ లేని చోటుకి ఒక్క స్టార్ ఇచ్చొస్తారు.