స్తంభం మీది జెండా, కాగితం మీది గడువు

2025 వేసవిలో బర్మింగ్‌హామ్ దక్షిణాన వీలీ కాజిల్, నార్త్‌ఫీల్డ్ వీధుల్లో జెండాలు మొదలయ్యాయి. ఆగస్టుకల్లా దీపస్తంభాలన్నిటికీ తెల్లగుడ్డ మీద ఎర్ర సిలువ ఉన్న సెయింట్ జార్జ్ జెండాలు, అంటే ఇంగ్లండ్‌వి, మధ్యమధ్య బ్రిటన్ జెండాలైన యూనియన్ జాక్‌లు. అక్కడినుంచి ఇంగ్లండ్ అంతా పాకాయి. దేశభక్తి అన్నారు కట్టినవాళ్ళు, వలస వచ్చినవాళ్ళ మీద కోపమన్నారు మరికొందరు. చిన్న రౌండ్‌అబౌట్ల మధ్యనుండే తెల్లని గుండ్రాల మీద కూడా రాత్రికి రాత్రి ఎర్ర సిలువ పూశారు.

నేను ఇంటింటికీ వెళ్ళి వృద్ధులను చూసుకునే కేర్ వర్కర్‌ని. ఇంటికి అరగంట. స్నానం, మందులు, టీ, టోస్టు, ఫోనులో హాజరు, ఆపైన బస్సెక్కి మరో ఇల్లు. ఆ బస్సు కోసం నిలబడేది ఈ జెండాల కిందే. మొదట్లో ప్రతి స్తంభమూ నన్నే చూస్తున్నట్టు ఉండేది. తర్వాత నాకు నేనే ఒక లెక్క వేసుకున్నాను. పబ్బు గుమ్మంలో ఉంటే ఫుట్‌బాల్‌ది, చర్చి గోపురం మీదైతే ఎప్పటినుంచో ఉన్నది, స్తంభానికి ప్లాస్టిక్ పట్టీతో బిగించి ఉంటే ఈ ఏటిది. లెక్క తప్పదని కాదు. జులై చివర ఇంగ్లండ్ మహిళల జట్టు యూరో కప్పు గెలిచింది, ఆ సంబరంలో కట్టి విప్పడం మరిచినవీ ఉంటాయి. కట్టినవాడి మనసులో ఏముందో గుడ్డ చెప్పదు, వెళ్ళి అడిగేంత చనువు మనకు లేదు. చలికాలానికి సగం జెండాలు చిరిగి పీలికలయ్యాయి. చిరిగిన జెండా ఎగరేయకూడదని నియమావళి ఉన్న దేశం నుంచి వచ్చినదాన్ని, అది మాత్రం నాకు మింగుడుపడలేదు. అంత ప్రేమతో కట్టినవాళ్ళు విప్పడానికి నిచ్చెన తేరేం?

నేను వెళ్ళే ఒక ఇంటి కిటికీకీ జెండా ఉంది. ఇంటాయన వయసు తొంభైకి దగ్గర. వాచిన కాళ్ళకు బిగుతు మేజోళ్ళు ఎక్కిస్తుంటే ఆయనే ఎత్తారు మాట. "మావాడు కట్టాడు. నీకేం భయం లేదు, వాడి కోపమంతా పడవల్లో వచ్చేవాళ్ళ మీదే." పడవల్లో వచ్చేవాళ్ళంటే, సముద్రం దాటి చిన్న పడవల్లో అనుమతి లేకుండా వచ్చి ఆశ్రయం కోరేవాళ్ళు. ఆయన మాటలో కపటం ఏమీ లేదు. ఆ కొడుకూ మర్యాదస్తుడే, ఎదురైతే నా తడిసిన గొడుగు అందుకుని మూల పెడతాడు.

అయితే "నిన్ను కాదులే" అనడం చట్టానికి రాదు. వీసా మీద వచ్చే మాలాంటి కేర్ వర్కర్లు భర్తనూ పిల్లల్నీ తెచ్చుకోవడం 2024 మార్చిలోనే కన్సర్వేటివ్ ప్రభుత్వం ఆపేసింది. 2025 మే స్థానిక ఎన్నికల్లో వలసలను వ్యతిరేకించే నైజెల్ ఫరాజ్ పార్టీ రిఫార్మ్ యూకే పది కౌన్సిళ్ళు గెలిచింది. అదే మే 12న లేబర్ ప్రధాని కీర్ స్టార్మర్ వలసల విధానపత్రం విడుదల చేస్తూ, దేశం "అపరిచితుల ద్వీపం" అయిపోయే ప్రమాదం ఉందన్నారు. ఆ మాటకు తర్వాత విచారం వెలిబుచ్చారు. విధానం మాత్రం అలాగే ఉంది. విదేశాల నుంచి కొత్త కేర్ వర్కర్లకు వీసాలు జులై 22న ఆగిపోయాయి, అంటే జెండాల హోరు దేశమంతా ఎత్తుకోకముందే. సెప్టెంబరు 13న లండన్‌లో జరిగిన వలస వ్యతిరేక ఊరేగింపుకు లక్షకు పైగా జనం వచ్చారు. అదే నెలలో ఫరాజ్ శాశ్వత నివాస హక్కునే రద్దు చేస్తామంటే, అది జాత్యహంకార విధానమని స్టార్మర్ మండిపడ్డారు. నవంబరులో ఆయన ప్రభుత్వమే ఆ హక్కు కోసం ఐదేళ్ళ నిరీక్షణను పదేళ్ళకు, నాలాంటి కేర్ వర్కర్లకైతే పదిహేనేళ్ళకు పెంచాలని ప్రతిపాదించింది. జెండాలవాళ్ళు అధికారంలోకి రానక్కర్లేదు, వాళ్ళకు భయపడేవాళ్ళు ఉంటే చాలు.

ఈ గడువు పని మీద ఎలా పడుతుందో బయటివాళ్ళకు తెలియదు. విదేశీయులను పనిలో పెట్టుకోవడానికి సంస్థకు ఉండే అనుమతి, అదే స్పాన్సర్ లైసెన్సు, పోయినా, ఉద్యోగం పోయినా, మరో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి సాధారణంగా ఇచ్చేది 60 రోజులు. అందుకే ఇంటికీ ఇంటికీ మధ్య ప్రయాణానికి జీతం ఏదని మాలో ఎవరూ గట్టిగా అడగరు. ఐదేళ్ళు నోరు మూసుకోవడం ఒక లెక్క, పదిహేనేళ్ళు మరో లెక్క.

మొన్న ఆదివారం ఉదయం పంపడానికి మనుషులు లేరని ఆఫీసువాళ్ళు ఆ ఇంటికి ఫోను చేశారట. తర్వాత నేను వెళ్తే కొడుకు నన్ను గుమ్మంలోనే ఆపి, మీవాళ్ళెవరైనా ఉంటే రమ్మనకూడదా అని అడిగాడు. ఉన్నారు గానీ, కొత్తవాళ్ళకు జులై నుంచి వీసాలు ఇవ్వడం లేదని చెప్పాను.

"అది పడవలవాళ్ళకు కదా?" అన్నాడు.