రందికి మందు ఉంటుందని

నర్సంపేటలో నాది చిన్న మెడికల్ షాపు. డి.ఫార్మసీ చదివి 16 ఏళ్లుగా కౌంటర్ వెనకే నిలబడ్డాను. చీటీ చూస్తే మనిషికి ఏం జబ్బో దాదాపు చెప్పగలను. నా జబ్బు మాత్రం ఐదు నెలలు నాకే అంతుపట్టలేదు.

2023 వానాకాలంలో మొదలైంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. గుండె దడదడ కొట్టుకునేది. తెల్లారుతుందంటేనే భయం. అప్పులు లేవు, ఇంట్లో గొడవలు లేవు. అన్నం ముద్ద పెట్టుకుంటే మట్టి నమిలినట్టుండేది. చిన్నమ్మాయి బడి ముచ్చట్లు చెబుతుంటే పెదవులు కదలడం కనిపించేది, మాట లోపలికి పోయేది కాదు. ఒకరోజు చీటీలో ఉన్న మందు ఒకటి, నేను తీసి ఇచ్చింది ఇంకొకటి. కొన్నాయనే చూసి చెప్పాడు. ఆ రోజు నుంచి నా చేతుల మీద నాకు నమ్మకం పోయింది.

గుండె జబ్బే అనుకున్నాను. హన్మకొండలో ఈసీజీ, టూడీ ఎకో, ఆ తర్వాత కడుపుకు ఎండోస్కోపీ. 18 వేలు ఖర్చయ్యాయి. అన్నీ నార్మల్. "ఏం లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపించారు. ఏం లేదన్న మాట మోసుకొని ఇంటికి రావడం చాలా కష్టం. రిపోర్టులో ఏదో ఒకటి బయటపడితే బాగుండని కోరుకున్న రోజులున్నాయి. ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ కూడా ఎక్కించుకున్నాను.

గాలి సోకిందని అమ్మ తాయెత్తు కట్టించింది. ఐనవోలు మల్లన్నకు మొక్కుకొని ఒగ్గు పూజారులతో పట్నం ముగ్గు వేయించింది. డోలు మోగుతున్నంతసేపూ "నా కొడుకును నాకియ్యి సామీ" అని నా తల నిమురుతూ ఏడ్చింది. దాన్ని నేను తప్పు పట్టను. ఏం లేదని అందరూ అంటున్నప్పుడు, నా బాధ నిజమని మొదట నమ్మింది మా అమ్మే.

మైండ్ డాక్టర్‌కు చూపిద్దామని నా భార్య అన్నప్పుడు మా బావ అడ్డుపడ్డాడు. "ఆ మాట బయటికి రానియ్యకుండ్రి. మీ చెల్లెకు సంబంధాలు చూస్తున్నం గదా. రేపు ఎర్రగడ్డ కేసంటరు." మా దగ్గర ఎర్రగడ్డ అంటే హైదరాబాద్‌లో ఒక పేట కాదు, తిట్టు. చిన్నప్పుడు నేనూ తోటి పిల్లల్ని ఆ మాట అన్నాను. అక్కడున్నది మానసిక ఆస్పత్రి అని, లోపల ఉన్నది నాలాంటి మనుషులని ఒక్కసారీ తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది.

దసరా దాటిన వారం, ఒక రాత్రి షాపు కట్టే వేళకు ఇంటికి వెళ్లాలనిపించలేదు. నేను లేకపోతే వీళ్లకు భారం తగ్గుతుందన్న ఆలోచన అంతకుముందు వచ్చి పోయేది. ఆ రాత్రి పోలేదు. భార్య ఫోన్ చేస్తే ఏం చెప్పాలో తెలియక నిజమే చెప్పాను. పది నిమిషాల్లో పక్కింటి పిల్లగాడి బండి మీద వచ్చింది. ఒక్క మాట అనలేదు. షట్టర్ దించి, తాళంచెవులు కొంగున ముడేసుకుంది. ఆ తర్వాత చాలా రోజులు షాపు తెరిచింది, మూసింది తనే. మందు తీసేటప్పుడు నా పక్కనే నిలబడేది.

ఆ రాత్రే 14416కు ఫోన్ చేసింది. టెలీ మానస్ అని, మనసు బాగోలేనివాళ్ల కోసం 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన నంబరు. డబ్బులు అక్కర్లేదు, ఏ వేళయినా, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తున్నదా అని ఫోన్‌లో కౌన్సెలర్ నన్ను సూటిగా అడిగింది. అలా అడిగితే ఆలోచన ఇంకా పెరుగుతుందని మనవాళ్లు భయపడతారు. నాకైతే అన్ని నెలల్లో మొదటిసారి ఎవరో నొప్పి ఉన్నచోటే చెయ్యి పెట్టినట్టయింది. అవునన్నాను. చెబితే పోలీసు కేసవుతుందేమోనని నా భార్య వణికిపోయింది. అలాంటిదేమీ లేదు. 2018 మేలో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రాణం తీసుకోబోయిన మనిషిని కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడమంటుంది.

తెల్లారి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లాం. తెలిసినవాళ్లు చూస్తారని ముఖానికి రుమాలు చుట్టుకొని వరుసలో కూర్చున్నాను. పక్కన చంటిపిల్లతో ఒక తల్లి, పుస్తకాల సంచితో డిగ్రీ పిల్లవాడు, తల పాగాతో ఒక రైతు. రుమాలు నేనొక్కణ్నే చుట్టుకోలేదు.

డాక్టరమ్మ రిపోర్టులన్నీ చూసి పక్కన పెట్టి, "రంది ఎక్కువైందా? పొద్దున లేవంగనే బుగులైతున్నదా?" అని అడిగింది. నాకు ఏడుపు ఆగలేదు. రంది పెట్టుకుంటే మనిషి చిక్కిపోతాడని మా నాయనమ్మ అనేది. బుగులుకు దిష్టి తీసేది. దిగులుకు రంది, భయానికి బుగులు, రెండు మాటలూ పుట్టినప్పటి నుంచి వింటున్నవే. వాటికి వైద్యం ఉంటుందని మాత్రం మా ఇంట్లో ఎవరం అనుకోలేదు, మందులమ్మే నేను కూడా.

థైరాయిడ్ పరీక్ష చేయించి, డిప్రెషన్ అని చెప్పి ఎస్సిటాలోప్రామ్ రాశారు. నా షాపులో రెండో అరలో ఉండే మాత్రే. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, మొదట్లో వికారం, గాబరా కొంచెం పెరగొచ్చని ముందే చెప్పారు. అలాగే అయింది. ముందే చెప్పకపోతే మూడో రోజే మానేసేవాణ్ని. నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయ కూరలో ఉప్పు తక్కువైందన్నాను. నా భార్య గరిటె పట్టుకొని అలాగే నిలబడిపోయింది. రుచి తెలిసిందని నాకంటే ముందు తనకే అర్థమైంది.

కానీ ఆ మాత్రను బీపీ మాత్రల డబ్బాలో దాచుకొని మింగేవాణ్ని. జనవరిలో చెల్లెను చూసుకోవడానికి పెళ్లివాళ్లు వచ్చినప్పుడు బాగానే ఉన్నాను కదా అని ఆపేశాను. రెండు రోజులకు కళ్లు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం. నెల తిరగకముందే మూడింటి మెలకువ మళ్లీ వచ్చింది. ఏ ముఖం పెట్టుకొని వెళ్లాలా అనుకుంటూ వెళ్లాను. డాక్టరమ్మ కోప్పడలేదు. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలని, ఆపేటప్పుడు మెల్లగా తగ్గించాలని కాగితం మీద గీసి చూపించారు. అలాగే వాడాను, కౌన్సెలింగ్‌కూ వెళ్లాను. మాత్రలు ఆపి ఏడాది దాటింది.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, మానసిక జబ్బు ఉన్నవాళ్లలో రకాన్నిబట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేలింది. కౌంటర్ వెనక నిలబడితే ఆ లెక్క నాకు ముఖాలుగా కనిపిస్తుంది. తండా నుంచి వరంగల్‌కు పోయి రావాలంటే ఒక రోజు కూలీ పోతుంది. అందుకే నరాల బలహీనతకు టానిక్ ఇయ్యమంటారు, చీటీ లేకుండా నిద్రమాత్రలు అడుగుతారు.

మొన్న మిర్చి ఏరేటప్పుడు ఒకాయన అలాగే వచ్చాడు. స్టూలు వేసి కూర్చోబెట్టి, మెలకువ ఎన్నింటికి వస్తున్నదని అడిగాను. మూడింటికన్నాడు. నేను వాడిన మాత్ర అట్ట తీసి చూపించి నా సంగతంతా చెప్పాను. చాలాసేపు ఆ అట్టనే చూశాడు.

"నీకు గూడనా సేటూ?"

సోమవారం ఏడింటి బస్సుకు ఇద్దరం ఎంజీఎంకు పోయాం. ఆ రోజు షాపు నా భార్య తెరిచింది.