ఎంగిలి ముడి

మార్చి చివరి శనివారం పొద్దున డాలస్ దగ్గరి లూయిస్‌విల్ సరస్సులో మంచి బాస్ చేప ఒకటి చేతిదాకా వచ్చి పోయింది. ఒడ్డుకు నాలుగడుగుల దూరంలో పైకి లేచి, తల ఒక్కసారి విదిలించి, నా గాలాన్ని మూతికి తగిలించుకుని మునిగిపోయింది. “అయ్యో, దారం తెగింది బావా!” అన్నాడు పక్కనే ఉన్న మా బావమరిది.

తెగలేదు. దారం కొస పట్టుకుని చూస్తే పందిపిల్ల తోకలా మెలికలు తిరిగి ఉంది. రాయికి రాసుకుని తెగిన కొస గరుకుగా పీచు లేచి ఉంటుంది. ఇలా మెలికలు పడిందంటే ముడి జారిపోయిందని అర్థం. దారం తయారుచేసిన కంపెనీ తప్పేమీ లేదు. చీకటిలో, కారు డిక్కీ వెలుతురులో, కాఫీ చల్లారిపోతోందన్న తొందరలో ముడి వేసింది నేనే.

మా వాడు డాలస్ వచ్చి ఆరు నెలలైంది. చేపల సరదా ఈ మధ్యే అంటుకుంది. గాలం పట్టడం ఇంకా రాలేదు గానీ, ఆన్‌లైన్ బుట్టలో మాత్రం నలభై రకాల బొమ్మ ఎరలు పోగేసి “ఏవి ఉంచమంటావు బావా?” అని జాబితా పంపాడు. అన్నీ తీసేయమన్నాను. అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, మళ్ళీ మళ్ళీ ఫోనులో చెప్పే ఓపిక లేక.

కృష్ణా కాలువల పక్కన పెరిగినవాళ్ళకు బాస్ చేప కొత్తేమీ కాదు. జాతి వేరు గానీ బుద్ధి మాత్రం మన కొర్రమీనుదే. నాచు అంచునో, మునిగిన మొద్దు నీడలోనో కదలకుండా మాటు వేస్తుంది. దగ్గరకు వచ్చినదాన్ని ఒక్క దూకుతో మింగుతుంది. చిన్నప్పుడు మేము వెదురు గెడకు నైలాన్ దారం కట్టి, కప్పను గుచ్చి గుర్రపుడెక్క సందుల్లో ఆడించేవాళ్ళం. ఇక్కడ రబ్బరు కప్పతో నాచు మీద అదే పని చేస్తున్నాను. అమ్మ మాత్రం నేను ఆదివారాలు మా ఆఫీసు బాసును వెంటబెట్టుకుని చేపలకు వెళుతున్నానని ఇప్పటికీ నమ్ముతోంది.

మొదటి రాడ్డు, అంటే గాలపు కర్ర, ఏడడుగులది, మధ్యరకం బిగువుది చాలు. దానికి దారం చుట్టుకునే 2500 సైజు స్పిన్నింగ్ రీలు. చేయి తిరిగినవాళ్ళు వాడే బెయిట్‌కాస్టర్ అనే రకం రీలు జోలికి ఇప్పుడే పోవద్దు. విసిరిన ఎర నెమ్మదించినా దాని చక్రం తిరుగుతూనే ఉంటుంది, బొటనవేలితో సమయానికి ఆపకపోతే దారమంతా పిచ్చుక గూడు అవుతుంది. నేను మొదటి నెలలో చేపలు పట్టిన సమయం కన్నా చిక్కులు విప్పిన సమయమే ఎక్కువ.

రీలుకు 15 పౌండ్ల లాగుడుకు తట్టుకునే అల్లిక దారం చుట్టండి. కానీ దాన్ని నేరుగా రీలుకు కడితే చేప లాగినప్పుడు మొత్తం చుట్ట జారి గిర్రున తిరుగుతుంది. అందుకని అడుగున కొన్ని గజాలు మామూలు నైలాన్ దారం వేసి దాని మీద చుట్టాలి. గాలం వైపు ఆరేడు అడుగులు 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం కలపాలి. అది నీటికన్నా బరువు కాబట్టి మునుగుతుంది, నీళ్ళలో అంతగా కనిపించదు, రాళ్ళ రాపిడికి ఓర్చుకుంటుంది. అల్లిక దారం తేలుతుంది. రబ్బరు కప్పకు తేలే దారమే కావాలి గనుక, దానికి 50 పౌండ్ల అల్లిక దారాన్నే నేరుగా కడతాను. నాచుతో సహా ఈడ్చుకు రావాలి మరి.

ఇక ముడి. నాకు పాలోమార్ ముడి ఒక్కటే నమ్మకం. దారాన్ని ఆరంగుళాల మేర మడిచి, ఆ మడతను గాలం బెజ్జంలోంచి దూర్చి, వదులుగా మామూలు ముడి వేయాలి. మిగిలిన ఉచ్చులోంచి గాలాన్ని మొత్తం దాటించి, రెండు కొసలూ కలిపి నెమ్మదిగా బిగించాలి. రెండు పోగులు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఎక్కితే విప్పి మళ్ళీ వేయాలి, బద్ధకించకూడదు.

బిగించే ముందు తడపడం మాత్రం మరవకండి. అమ్మ సూదిలోకి దారం ఎక్కించే ముందు కొసను ఎంగిలి చేసేది గుర్తుందా, అలాగే. పొడిగా బిగిస్తే ఆ రాపిడి వేడికి ఫ్లోరోకార్బన్ అక్కడికక్కడే బలహీనపడుతుంది. బిగించాక గాలాన్ని దేనికైనా తగిలించి గట్టిగా లాగి చూడండి. తెగితే ఇక్కడే తెగనివ్వండి.

ఎర ఒక్కటే: అయిదంగుళాల మెత్తని రబ్బరు పురుగు, గుమ్మడి ఆకుపచ్చ రంగుది. నీళ్ళు బురదగా ఉంటే నలుపు నీలం కలిసినది. ముందు తూటా ఆకారపు టంగ్‌స్టన్ గుండును, సన్నని కొస రాడ్డు వైపు ఉండేలా దారానికి ఎక్కించాలి. ముడులను నోటితో తడిపే అలవాటున్నవాళ్ళకు సీసం కన్నా ఇదే నయం. తర్వాత 3/0 సైజు వంపు గాలం కట్టి, పురుగు తలలోంచి దూర్చి బయటికి తీసి, మొనను తిప్పి దాని ఒంట్లోకే దాచాలి. దీన్నే టెక్సాస్ రిగ్ అంటారు. మొన దాగి ఉంటుంది కాబట్టి నాచుకు పట్టుకోదు. పురుగు తిన్నగా వేలాడాలి, వంకరగా ఉంటే గింగిరాలు తిరుగుతూ దారాన్ని మెలేస్తుంది.

విసిరాక చేయవలసిందల్లా ఏమీ చేయకపోవడం. పురుగు మునుగుతున్నప్పుడే చేప ఎక్కువగా అందుకుంటుంది. చేతికి తెలియకపోవచ్చు, దారాన్ని చూడండి. అది చిన్నగా ఎగిరిపడినా, పక్కకు నడిచినా రాడ్డు దించి, వదులు చుట్టేసి, అప్పుడు లాగండి.

టెక్సాస్ రికార్డు బాస్ 18.18 పౌండ్లది, 1992 జనవరిలో లేక్ ఫోర్క్‌లో పడింది. క్రాపీ అనే చిన్న చేపల కోసం కూర్చున్నాయన గాలానికట! నలభై రకాల ఎరలు కొనబోయే ముందు మా వాడు ఆ కథ ఒకసారి చదవాలి. ఇక్కడ చేపలు పట్టడానికి పదిహేడేళ్ళు నిండినవాళ్ళకు లైసెన్సు తప్పనిసరి. చాలాచోట్ల పద్నాలుగు అంగుళాలకు తగ్గిన బాస్‌ను వదిలేయాలి, కొన్ని సరస్సులకు వేరే లెక్కలున్నాయి. వదిలేటప్పుడు చేయి తడుపుకుని పట్టుకోండి, దాని ఒంటి జిగురు పోకుండా.

అన్నట్టు, ఈ రబ్బరు పురుగుల్లో ఉప్పూ సోంపు వాసనా కలుపుతారు. అవి పట్టుకున్న వేళ్ళతో దారం తడిపి, మళ్ళీ మళ్ళీ ముడులు వేస్తే సాయంత్రానికి నోరంతా సోంపే. పోయిన వారం నేనూ మా వాడూ ఆకలితో ఇంటికి చేరేసరికి మా ఆవిడ తలుపు దగ్గరే ఆపి, ఇద్దరం ఏ హోటల్లో బిర్యానీ తిన్నామో చెప్పమంది.