ఏడో కుచ్చూ జారిపోయింది

ఈ ఉదయం తొమ్మిదిన్నరకు కాలేజీ వరండాలోకి వచ్చేసరికి వాచ్‌మన్ గారి కోళ్ళు నాలుగూ మూడో దూలం కింద చేరి ఉన్నాయి. తల ఎత్తి చూడకుండానే సంగతి అర్థమైంది. పిచ్చుకలు తినడానికి వరి వెన్నుల్ని, అంటే కంకుల్ని, కాడలతో అల్లి నేను వేలాడదీసే వరికుచ్చు విడిపోయిందని ప్రతిసారీ నాకన్నా ముందు వాటికే తెలుస్తుంది. దూలానికి తీగ అలాగే ఉంది, కుచ్చు పైభాగమూ అలాగే ఉంది. కింది రెండు వరసల వెన్నులు మాత్రం నేల మీద పడి ఉన్నాయి. లెక్కపెడితే నలభై ఒకటి. వాటిలో గింజ మిగిలినవి పదిహేను.

ఇది పదకొండు రోజులు నిలిచింది. మొదటి నాలుగూ అయిదు రోజులకు మించి ఉండలేదు కాబట్టి దీన్ని ప్రగతి అనుకోవాలట. మా భౌతికశాస్త్రం మేష్టారి అభిప్రాయం అది. నేను మాత్రం మధ్యాహ్నం దాకా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

గంట ఆకారం కుదిరింది, జడ అల్లిక కూడా చేతికి వచ్చేసింది. వాటి గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు. నా తగువంతా మెడతోనే. నూట ఇరవై కాడలు ఒక్కచోట కలిసే ఆ మెడకు పురికొస మూడు చుట్లు బిగించి ముడి వేస్తాను. వేసిన రోజు గోరు కూడా దూరదు. నాలుగో రోజుకు చిటికెన వేలు దూరుతుంది. ఆ మర్నాడు ఏ గోరింకో వచ్చి వాలితే చాలు, వెన్నులు ఒక్కొక్కటిగా కిందికి జారతాయి.

మొదట ఉడుతను అనుమానించాను. మూడో కుచ్చును ఇనప తీగకు వేలాడదీసి, పైన నూనె డబ్బా మూతను గొడుగులా అమర్చాను. ఉడుత రెండు రోజులు దూలం మీద కూర్చుని నన్ను తిట్టి వెళ్ళిపోయింది. కుచ్చు మాత్రం అయిదో రోజున సరిగ్గా అలాగే జారింది.

తర్వాత పురికొస మీదికి మళ్ళాను. నాది గోగునార. గోగు పండే ఈ శ్రీకాకుళం జిల్లాలో ఉండి నైలాను తాడు కొనడానికి మనసు ఒప్పదు. పైగా నైలాను ముడి నున్నగా జారుతుంది, పిచ్చుకల కాళ్ళకు చుట్టుకునే ప్రమాదమూ ఉంది. తడినారతో కడితే ఆరాక బిగుస్తుందని ఎవరో చెబితే నాలుగు కుచ్చులూ అలాగే కట్టాను. అనుమానం వచ్చి కొలిచి చూశాను. పొడి పురికొస 50 సెం.మీ. కోసి, తడిపి కొలిస్తే 48.9. ఎండబెట్టి మళ్ళీ కొలిస్తే 49.8. అంటే తడిసినప్పుడు పురి ఉబ్బి తాడు కురచ అవుతోంది, ఆరాక సాగుతోంది. నేను విన్న సలహా సరిగ్గా తలకిందులన్నమాట. పురి పెట్టని అరటి నార సంగతి వేరేమో, అది ఇంకా కట్టి చూడలేదు.

పొడినారతో కట్టిన అయిదోది ఆరు రోజులు ఉంది. ఒక్క రోజు లాభం.

అప్పుడు ల్యాబులోంచి సన్నని మందాలు కొలిచే వెర్నియర్ కాలిపర్స్ అడిగి తెచ్చుకున్నాను. తెలుగు మేష్టారికి దీనితో ఏం పని అని అటెండరు రెండుసార్లు అడిగాడు. మెత్తబడాలని కట్టే ముందు రెండు గంటలు నీళ్ళలో నానబెట్టిన కాడ మందం 2.1 మి.మీ. అదే కాడ వారం ఆరాక 1.8. ఒక్క కాడకు ఇది లెక్కలోకి రాదు. నూట ఇరవై కలిసిన మెడ దగ్గర చూడండి: కట్టిన రోజు అడ్డుకొలత 2.6 సెం.మీ., వారానికి 2.2. చుట్టుకొలతలో సెంటీమీటరుంపావు దాకా ఖాళీ. పురికొస చుట్టుకు రెండు మిల్లీమీటర్లు సాగితే కాడలు అంతకు ఆరేడింతలు ఖాళీ వదులుతున్నాయి. అసలు దొంగ గడ్డే.

అయితే పొడిగా కడదామంటే వంచిన ప్రతిచోటా కాడ చిట్లుతుంది. ఆరోది అలా కట్టి మూడో వరసలోనే వదిలేశాను. ముప్ఫై వెన్నులు దండగ.

మాకు గడ్డి ఇచ్చిన రైతు తాత దగ్గరకు వెళ్ళి ఇదంతా చెప్పాను. వంశధార ఎడమ కాలువ కింద ఎకరంన్నర సాగు ఆయనది. వెన్ను పడ్డాక పురుగుమందు కొట్టలేదని అడిగి మరీ ఆయన చేలో కోసుకున్నాను, పిట్టలు తినేది కదా. నా కొలతలన్నీ ఓపికగా విని, "నానబెట్టడానికి అవేమైనా విత్తనాలా మేష్టారూ? రాత్రి మంచులో పడేయండి, తెల్లారేసరికి అవే మెత్తబడతాయి" అన్నాడు.

ఏడోది అలా చేసిందే. కాడల్ని రాత్రంతా డాబా మీద పరిచాను. పొద్దున్న మందం 1.95. వంగింది, చిట్లలేదు. మెడ 2.4 దగ్గర బిగిసింది. ఆరాక 2.2కి వచ్చి ఆగింది. ఖాళీ సగానికి తగ్గింది, కుచ్చు ఆయుష్షు రెట్టింపైంది. లెక్క ఇంత చక్కగా సరిపోయినందుకు సంతోషించాలో, అయినా జారినందుకు ఏడవాలో తెలియలేదు.

సాయంత్రం జారిన మెడను పట్టుకుని మళ్ళీ తాత ఇంటికే వెళ్ళాను. ఆయన దాన్ని తిప్పి చూసి ఏమీ అనలేదు. నడవలో దూలానికి ఉన్న పాత కుచ్చు వైపు వేలు చూపించాడు. పొగ పట్టి నల్లబడి ఉంది. గింజ ఒక్కటీ లేదు, అయినా కాడ ఒక్కటీ జారలేదు. స్టూలు ఎక్కి ఫోను లైటు వేసి చూశాను. మెడ కట్టుకు సరిగ్గా పైన, చుట్టూ పూసలు గుచ్చినట్టు కణుపులు. ప్రతి కాడకూ కణుపు ఉంచి, అది కట్టుకు పైన ఆగేలా కట్టారు. మెడ ఎంత వదులైనా కణుపు అడ్డుపడి కాడను కిందికి పోనివ్వదు.

నేను చేసిందేమిటంటే, పనల్లోంచి తీసిన ప్రతి వెన్నుకూ ముందుగా కణుపు కత్తిరించడం. చూడటానికి ఎగుడుదిగుడుగా ఉంటుందని! "అందం కోసం కోశాను తాతా" అంటే ఆయన చాలాసేపు నవ్వాడు.

ఇక్కడే వరి రకం సంగతి కూడా వస్తుంది. కణుపు నుంచి వెన్ను మొదలు దాకా ఎంత పొడవుంటే కుచ్చు అంత పెద్దది. నేను కొలిచిన వాటిలో శ్రీకాకుళం సన్నాలు సగటున 34 సెం.మీ. ఇచ్చాయి. స్వర్ణ 28 దాటలేదు, అది పొట్టి రకం. 1121 రకం కాడ బిరుసు, నా చేతికి పడదు. కుచ్చుకు నా ఓటు సన్నాలకే. కోత యంత్రం దిగిన చేలో ఏ రకమైనా ఒక్కటే, గడ్డి నలిగిపోతుంది. కొడవలితో కోయించుకోవాలి. ప్రదర్శనల్లో వార్నిష్ పూసి అమ్మేవి చూసి కుచ్చు అనుకోకండి, అవి గోడకు అలంకారం. మా వాణిజ్యశాస్త్రం మేడం మెడకు ఫెవికాల్ రాయమన్నారు. నిలుస్తుంది, కాదనను. కానీ పిచ్చుక ముక్కు పెట్టే చోట జిగురు పూయను.

అసలు పిచ్చుకలు వస్తున్నాయా అని అడుగుతారేమో. వస్తున్నాయి. ఏడోదాని మీద ఒకేసారి ఆరు చూశాను. ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు క్యాంటీన్ గోడ మీద సుద్దతో రోజూ లెక్క రాస్తున్నారు. క్యాంటీన్ అక్క ఆ గోడకు సున్నం వేయనివ్వడం లేదు.

తర్వాతి పని మార్చి 20, పిచ్చుకల దినం లోగా గూటి పెట్టెలు. 3.2 సెం.మీ. రంధ్రంతో నాలుగు చేయించాలి. గింజలు పెద్ద పిట్టలకే, గూట్లోని పిట్టపిల్లల నోటికి పురుగులు కావాలి. అందుకని వరండా పక్కన గోరింట కంచె పెంచుదామని ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు అంటున్నారు. వార్షికోత్సవానికి బొబ్బిలి వీణ ఆకారంలో కుచ్చు కట్టాలని నాకో వెర్రి కోరిక కూడా ఉంది. దండెకు ఎన్ని కాడలు పడతాయో ఊహకు అందడం లేదు.

ముందు ఎనిమిదోది నిలవాలి. ఇంట్లో మిగిలినవి రెండు వందల పది వెన్నులు. కోతలు అయిపోయాయి, వచ్చే నవంబరు దాకా ఇంకా దొరకవు. వాటిలో నూట ముప్ఫైకి కణుపులు నా చేతులతోనే కోసేశాను. ఎనభైకి ఉన్నాయి. బయటి వరసలన్నీ ఆ ఎనభైతో, లోపల దన్నుకు మాత్రం కణుపులేనివి ఓ ఇరవై పెడతాను. మెడకు ఉరిముడి వేసి మూడో రోజున, ఆరో రోజున మళ్ళీ బిగిస్తాను. పురికొస పొడిగానే ఉంది. కాడల్ని ఇప్పుడే డాబా మీద పరిచి వచ్చాను. ఆకాశంలో మబ్బు లేదు, మంచు బాగానే కురిసేలా ఉంది.