సున్నా స్థానంలో గుండీ

ఈరోజు మా చిన్న సినిమాకి టైటిల్స్ షూట్ చేసేద్దాం, రెండు గంటల పని అనుకున్నాం. పొద్దున 9కి కూర్చున్నవాళ్ళం సాయంత్రం ఆరింటికి లేచాం. చేతికొచ్చిన ఫుటేజ్ మాత్రం 40 సెకన్లు.

అసలు గొడవ నిన్ననే మొదలైంది. సినిమా మొత్తం 9 నిమిషాలు. పేపర్ మీద మేం రాసుకున్న టైటిల్స్ దాదాపు రెండు నిమిషాలు. ఎడిటర్ లెక్కేసి చూపించేదాకా ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే ఎవడి ఐడియా వాడికి ముద్దు. ఒకడు నీళ్ళలో సిరా అంటాడు, ఒకడు అగ్గిపుల్లలు కాలుతూ పేర్లు రావాలంటాడు, నేనేమో కిటికీ అద్దం మీద ఆవిరి అన్నాను. అన్నీ బాగానే ఉన్నాయి గానీ మా కథకి ఒక్కటీ సంబంధం లేదు. కథ ఏంటంటే, కొడుకు స్కూలు చొక్కాకి ఊడిపోయిన గుండీ కోసం ఇల్లంతా వెతికే ఒక అమ్మ. పేరు కూడా 'గుండీ'. ఇంత తేలిగ్గా దొరికే దాన్ని వదిలేసి సిరా, నిప్పు, ఆవిరి!

సినిమా టైటిల్స్ డిజైన్ చేసే అమెరికన్ సాల్ బాస్ 1955లో 'ది మ్యాన్ విత్ ద గోల్డెన్ ఆర్మ్' అనే సినిమా టైటిల్స్‌కి నల్ల తెర మీద కదిలే తెల్ల గీతలు, చివర్లో వంకర తిరిగిన ఒక చెయ్యి, అంతే వాడాడు. ఆ చెయ్యి మత్తుమందుకి బానిసైన హీరోది కాబట్టి దానికంత బలం. ఈ మాట నిన్న రాత్రి నేను అరగంట ఉపన్యాసంలా చెప్పాను, ఎవరూ వినలేదు. దారంతో పేరు రాద్దాం అన్నాక మాత్రం అందరూ ఫోన్లు పక్కన పెట్టారు.

ప్లాన్ ఇదీ. బట్ట మీద దారంతో 'గుండీ' అని పేర్చాలి, దారం కొస ఫ్రేమ్ బయటికి వదలాలి. ఆ కొస పట్టుకుని లాగితే అక్షరాలు విడిపోతాయి. ఎడిటింగ్‌లో వెనక్కి తిప్పితే దారమే పాకుకుంటూ వచ్చి పేరు రాసుకున్నట్టు ఉంటుంది. మధ్యలో ఉన్న సున్నాని దారంతో పెట్టకుండా, అక్కడ నిజం గుండీ పెట్టాలి. ఇది నా ఐడియానే, ఇక్కడైనా రాసుకోనివ్వండి. గుండీని దొర్లించి సరిగ్గా ఆ చోటులో ఆపడం వందసార్లు చేసినా కుదరదు, కానీ అక్కడినుంచి వేలితో బయటికి తన్నడం ఎవడైనా చేస్తాడు. వెనక్కి తిప్పితే అదే బుద్ధిగా దొర్లుకుంటూ వచ్చి కూర్చుంటుంది.

తెలుగు అక్షరాలు దారానికి ఎంత లొంగుతాయో పేర్చుతుంటే తెలిసింది. అన్నీ ఒంపులే. కాకపోతే దారం ఎక్కడా తెగకూడదంటే తలకట్టు దగ్గర చిక్కు, అది కింది గీతకి అంటకుండా పైన విడిగా ఉంటుంది కదా. చివరికి 'గు'కి కొమ్ము నుంచి సన్నగా ఒక దారి తీసి 'డీ'లోకి కలిపాం, పైన గుడిదీర్ఘం కూడా అదే దారంతో తిప్పాం. చేతిరాతలా వచ్చింది. మిగతా పేర్లలో ఒత్తులు చూసి భయపడి, వాటిని దర్జీలు గుర్తులు పెట్టే సుద్దతో బట్ట మీద రాసేద్దాం అని తీర్మానించాం. 'దర్శకత్వం'లో వ-ఒత్తు కోసం ఇంకో దారం, దాన్ని లాగడానికి ఇంకో మనిషి, అంత ఓపిక ఎవరికీ లేదు.

రెండు కుర్చీల మధ్య పలక వేసి దాని అంచున కెమెరా కిందికి చూసేలా ఫోన్ పెట్టాం. పలక కదలకుండా మా సౌండ్ వాడు పట్టుకున్నాడు. సెకనుకి 60 ఫ్రేముల చొప్పున తీసి 24 చొప్పున ఆడిస్తే మూడు సెకన్ల లాగుడు ఏడున్నర సెకన్లవుతుంది, పేరు చదవడానికి సరిపోతుంది. మొదటి టేక్ చూస్తే తెర మీద చారలు. 50 హెర్ట్జ్ కరెంటు మీద ఈ ఎల్ఈడీ లైటు సెకనుకి వందసార్లు మిణుకుతుంది, మన కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టర్ సెకనులో 1/100 వంతు తెరిచి ఉండేలా పెట్టాక పోయాయి. ఆ లైటునే కింద, బట్టకి దాదాపు ఆనించి ఓ పక్కగా పెట్టాం. దారానికి నీడ పడింది, అంతదాకా పెన్నుతో గీసినట్టున్నది కాస్తా దారంలా కనపడింది. ఫ్యాన్ బంద్. చెమటలు.

తర్వాత దారం. లాగగానే మెలికలు పడి ముడిపడుతోంది, లేదా 'గు' మొత్తం ముద్దగా జరిగిపోతోంది. నాలుగైదు టేకులు ఇలాగే పోయాయి. గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ, "కొవ్వొత్తి మీద ఒకసారి లాగరా దాన్ని, మైనం పట్టిందంటే చెప్పినట్టు వింటుంది" అంది. వింది కూడా! పెట్టిన ఒంపు పెట్టినట్టే ఉంది, లాగితే జారుతూ వచ్చేసింది.

ఇక వరసగా నాలుగు మంచి టేకులు. చప్పట్లు కొట్టుకున్నాం. ఎడిటర్ లాప్‌టాప్‌లో వెనక్కి తిప్పి చూసి, "ఏంట్రా ఇది, 'డీ' ముందొస్తోంది?" అన్నాడు. మేం నాలుగుసార్లూ 'గు' వైపు కొస లాగాం. వెనక్కి తిప్పితే మొదట విడిపోయింది చివర వస్తుంది కదా, ఇంత చిన్న విషయం ఆరుగురిలో ఒక్కడికీ తట్టలేదు. పేరు తోక నుంచి తల వైపు రాసుకుంటోంది. నవ్వాలో ఏడవాలో తెలీక కాసేపు అందరం సీలింగ్ చూశాం.

మళ్ళీ పేర్చాం. ముందు గుండీని తన్నాలి, తర్వాత 'డీ' వైపు కొస లాగాలి, ఈ రెండు ముక్కలూ సుద్దతో నేల మీదే రాసుకున్నాం. మూడో టేక్ ఓకే. తెర మీద ఖాళీ బట్ట, కుడివైపు నుంచి దారం వచ్చి 'గు' తిరిగి, కొంచెం చోటు వదిలి, 'డీ' చుట్టుకుని ఆగింది. అర సెకను ఏమీ లేదు. అప్పుడు కింది నుంచి గుండీ దొర్లుకుంటూ వచ్చి, కొంచెం ఊగి, ఆ ఖాళీలో పడుకుంది. తీసింది మేమే అని తెలిసి కూడా ముగ్గురం 'అబ్బా' అన్నాం.

సుద్ద పేర్లు గంటలో అయిపోయాయి. ఒక్కో పేరు బయటికి రెండుసార్లు చదివేంతసేపు ఉంచాం. డైరెక్టర్ పేరు మామూలుగా చివర్లో పడుతుంది కాబట్టి నాది చివర, దాని మీద వచ్చిన జోకులు ఇక్కడ రాయను.

ఇందాక పడుకునే ముందు పేర్ల కార్డులు లెక్కపెట్టాను. ఐదే ఉన్నాయి. సౌండ్ వాడి పేరు లేదు. పొద్దున్నుంచీ పలక పట్టుకుని నిలబడి, అందరి పేర్లూ తల వంచుకుని చూసినవాడు, ఒక్క మాట అనలేదు. రేపు పొద్దున్నే మళ్ళీ కుర్చీలు వేయాలి. పలక మాత్రం నేను పట్టుకుంటాను.